పాత బండి అన్నాక మామూలేనా?

బండి కొన్న ఇరవై మూడో రోజు పొద్దున బానెట్ ఎత్తి చూస్తే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరుస్తూ తిరిగే ద్రవం) డబ్బా అడుగంటి ఉంది. నాలుగు రోజుల క్రితమే పై గీత దాకా నింపాను. బండి కింద నేల పొడిగా ఉంది. పైపుల దగ్గర చెమ్మ లేదు, రేడియేటర్ మీద మరక లేదు. పోసిన నీళ్లు ఎటు పోయాయో అంతు చిక్కలేదు. లోపలికి వెళ్లి సీసాతో నీళ్లు తెచ్చి పోసి, మూత బిగించి, చప్పుడు కాకుండా బానెట్ దించాను. అప్పటికి అలా నింపడం మూడోసారి. మూడుసార్లూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, ఆ బండే కావాలని పట్టుబట్టింది నేను. "ఇంకో రెండు బళ్లు చూద్దాం, తెలిసిన మెకానిక్‌ని ఎవరినైనా వెంట తీసుకెళ్దాం" అని మా ఆవిడ రెండుసార్లు అంది. నాకు ఆగాలనిపించలేదు. సీట్లు శుభ్రంగా ఉన్నాయి, పెయింట్ మీద గీత లేదు, టైర్లు కొత్తవి, తిరిగిన కిలోమీటర్లు తక్కువ. అమ్మేవాయన మర్యాదగా మాట్లాడాడు. సాయంత్రం ఇంకెవరో అడ్వాన్స్ పట్టుకుని వస్తున్నారన్నాడు. నేను మధ్యాహ్నమే ఇచ్చేశాను. ఇప్పుడు నీళ్లు మాయమవుతున్నాయని ఇంట్లో చెబితే నా తొందరపాటు కూడా ఒప్పుకోవాలి. దానికి నోరు రాలేదు.

ఉండబట్టలేక మా బావకి ఫోన్ చేశాను. "సెకండ్ హ్యాండ్ బండి కదా, నీళ్లు కాస్త తాగుతుంది. మామూలే. వారానికోసారి చూసి పోసుకుంటే సరి" అన్నాడు. పాపం నా టెన్షన్ తగ్గించడానికే అన్నాడు. ఆ మాట విన్నాక గుండె మీద బరువు దిగినట్టయింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

ఈ "మామూలే" అన్న మాట మీద నాకు చాలా కోపం ఉంది. పాత బండి కొన్నవాళ్లకి దొరికే మొదటి ఓదార్పు అదే. కొన్నవాడు నిలదీస్తే అమ్మినవాడు వాడే మాటా అదే. చుట్టాలు అంటారు, ఆఫీసులో పక్క సీటాయన అంటాడు, చివరికి మనకి మనమే చెప్పుకుంటాం. నా ఇంజిన్‌కి మొదటి దెబ్బ నేను కొనకముందే తగిలింది. రెండోది, అంతకంటే పెద్దది, ఈ మాటని నమ్మిన రెండు వారాల్లో తగిలింది.

ఇంజిన్ ఆయిల్ కొద్దిగా తగ్గుతూ ఉండటం వేరు. పాత ఇంజిన్లో పిస్టన్ రింగులు అరిగితే కొంత ఆయిల్ పైకి ఎక్కి కాలిపోతుంది, అది ఎంతోకొంత ఊహించదగ్గదే. కూలెంట్ సంగతి అలా కాదు. రేడియేటర్, పైపులు, పంపు, ఇంజిన్ లోపలి దారులు, అన్నీ కలిపి మూత బిగించిన ఒకే వలయం. అదే ద్రవం అందులో తిరుగుతూ ఉంటుంది. నెలల తరబడి తిప్పితే డబ్బాలో గీత దగ్గర ఓ పిసరు తగ్గొచ్చు. నాలుగు రోజుల్లో డబ్బా అడుగంటిందంటే ఎక్కడో దారి పడినట్టే. బయట చుక్క కనపడలేదంటే ఆ దారి ఇంజిన్ లోపలికే ఉందని అనుమానించాలి. మరుసటి రోజు పొద్దున సెల్ఫ్ కొట్టినప్పుడు సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ చిక్కగా వచ్చింది, వాసన కొంచెం తియ్యగా ఉంది. చల్లటి పొద్దుట్లో నీటి ఆవిరి ఏ బండికైనా వస్తుంది, నిమిషం రెండు నిమిషాల్లో పోతుంది. నా బండిది పది నిమిషాలైనా పోలేదు. అదీ మామూలే అనుకున్నాను.

ఆ వారం చివర్లో అమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఓ చుట్టాలింటికి బయల్దేరాను. రోడ్డు ఖాళీగా ఉంది, ఇంజిన్ వేడి చూపించే ముల్లు మధ్యలోనే నిలబడి ఉంది. దాన్ని చూసుకుని ధైర్యంగా తోలుతున్నాను. నాకు తర్వాత తెలిసిన సంగతేమిటంటే, చాలా కార్లలో ఆ ముల్లు ఉన్నది ఉన్నట్టు చూపించదు. నీళ్ల వేడి 80 డిగ్రీలున్నా 100 డిగ్రీలున్నా మధ్యలోనే నిలిచేలా తయారు చేస్తారు, డ్రైవర్ ఊరికే కంగారు పడకూడదని. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. పైగా వేడి చెప్పే సెన్సర్ నీళ్లలో మునిగి ఉన్నంతసేపే నిజం చెబుతుంది. నీళ్లు దాని కిందకి జారిపోతే గాలిలో తేలుతూ తక్కువ చూపిస్తుంది. ఇంజిన్ ఉడికిపోతుంటే ముల్లు కిందికి దిగడం కూడా జరుగుతుంది.

నా ముల్లు కాసేపు మధ్యలో ఉంది, ఒక్కసారిగా ఎర్ర గీతకి ఎగబాకింది, మళ్లీ సగానికి దిగింది. అలా దిగడం చూసి "హమ్మయ్య" అనుకున్నాను. ఇంకో రెండు కిలోమీటర్లు పోనిచ్చాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన అతి పెద్ద తప్పు ఆ రెండు కిలోమీటర్లే. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసబుసమని రావడం మొదలైంది. పక్కకి తీసి ఆపేశాను. "ఏమైందిరా?" అని అమ్మ అడిగింది. "నీళ్లు అయిపోయాయమ్మా" అన్నాను. అప్పుడు కూడా సగం నిజమే చెప్పాను.

దారిన పోతున్న ఒకాయన ఆగి, సాయం చేద్దామని బానెట్ ఎత్తి, చేతిలో గుడ్డ పట్టుకుని మూత మీద చెయ్యి వేయబోయాడు. గట్టిగా అరిచి ఆపాను. లోపల బయటి గాలి కంటే సుమారు 1 బార్ ఎక్కువ ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడి వల్లే కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ద్రవంగా ఉంటుంది. మూత తీసిన మరుక్షణం ఒత్తిడి పోయి అదంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదకి చిమ్ముతుంది. కనీసం అరగంట చల్లారనివ్వాలి, ఇంకా ఎక్కువైనా మంచిదే. కాలుతున్న ఇంజిన్లో చల్లటి నీళ్లు గుమ్మరించినా లోహం బీటలు వారే ప్రమాదం ఉంది. ఇవి కనీసం ముందే తెలిసినందుకు సంతోషం. ఆ తర్వాత బండిని మళ్లీ స్టార్ట్ చేయలేదు, మెల్లగా తోలుకుని ఇంటికి పోదామన్న ఆలోచన వచ్చినా చేయలేదు. లాక్కెళ్లే బండి పిలిపించాను.

మెకానిక్ షెడ్‌లో నేను ఎదురుచూసింది వెంటనే ఇంజిన్ విప్పుతాడని. ఆయన విప్పలేదు. "ఆగండి సార్. ముందు జబ్బేంటో తేలాలి. విప్పేశాక అది ముందే పోయి ఉందో, నేను విప్పితే పోయిందో ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. ఆ మాటకి నేను ఆయనకి ఋణపడి ఉన్నాను. అవతల అమ్మినవాడు ఉన్నాడని, అతను కూడా చూడాల్సి వస్తుందని అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

ఆయన తెచ్చింది ఒక చిన్న గాజు గొట్టం. దాని పైన రబ్బరు బుడ్డి, లోపల నీలిరంగు ద్రవం. చల్లారిన రేడియేటర్ మూత తీసి, కూలెంట్‌ని కొంచెం కిందికి లాగేసి, గొట్టాన్ని ఆ నోటి మీద ఆనించి పెట్టాడు. ఇంజిన్ స్టార్ట్ చేయమన్నాడు. బుడ్డి నొక్కి వదులుతుంటే కూలెంట్ పైనున్న గాలి ఆ నీలి ద్రవంలోంచి బుడగలుగా పైకి వస్తోంది. ఆ గాలిలో ఇంజిన్ పొగ కలిసి ఉంటే, అందులోని కార్బన్ డయాక్సైడ్ తగిలి రంగు మారుతుంది. మొదట ఏమీ కాలేదు. నాకు ఆశ కలిగింది. తర్వాత గొట్టం అడుగున కొంచెం ఆకుపచ్చ కనిపించింది. అది పైకి పాకింది. రెండు నిమిషాలు గడవకముందే గొట్టం మొత్తం పసుపు. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టి నాకు చూపించి, "అన్నా, ఫోటో తీసుకోనా?" అని నేను అడిగేలోపే "ఫోటో తీసుకోండి సార్" అన్నాడు.

హెడ్ గాస్కెట్ పోయింది. ఇంజిన్ బ్లాక్‌కీ దాని నెత్తి మీద కూర్చునే హెడ్‌కీ మధ్య ఉండే పల్చటి రేకు అది. ఒకే రేకు మూడు పనులు చేస్తుంది. సిలిండర్లో మండే వాయువుని సిలిండర్లోనే ఉంచాలి, ఆయిల్‌ని దాని దారిలో ఉంచాలి, కూలెంట్‌ని దాని దారిలో ఉంచాలి. ఒకవైపు వేడి 2000 డిగ్రీలు దాటే మంట, నాలుగైదు మిల్లీమీటర్ల అవతల 90 డిగ్రీల నీళ్లు. పైగా చాలా ఇంజిన్లలో హెడ్ అల్యూమినియంది, బ్లాక్ పోత ఇనుముది. వేడెక్కితే అల్యూమినియం ఇనుముకి సుమారు రెండింతలు వ్యాకోచిస్తుంది. అంటే బండి స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఆ రేకుని పైనున్నది ఒక కొలతలో లాగుతుంది, కిందున్నది ఇంకో కొలతలో. మామూలు వేడి దాకా దాన్ని తట్టుకునేలా చేసి ఉంటుంది. ఒక్కసారి హద్దు దాటిందంటే హెడ్ వంకర తిరుగుతుంది, గాస్కెట్ పట్టు వదిలేస్తుంది.

కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో చూస్తే రెండు, మూడు నంబర్ల సిలిండర్లలో తక్కువ వచ్చింది, మిగతా రెండింటిలో బాగుంది. పక్కపక్కనున్న రెండూ కలిసి పడిపోయాయంటే ఆ రెండింటి మధ్య గోడ మీద గాస్కెట్ కాలిపోయి ఉండొచ్చని చెప్పాడు.

తర్వాత కూలెంట్ డబ్బా మూత విప్పి తిరగేసి నా చేతిలో పెట్టాడు. వేలితో తడిమితే ఇసకలా గరగరలాడింది. ఎండలో రాగి పొడిలా మెరిసింది. డబ్బా లోపలి గోడల మీద కూడా గోధుమరంగు పూతలా పేరుకుని ఉంది. అది లీకు పూడ్చే మందు. వీటిలో కొన్నిటిలో సోడియం సిలికేట్ ఉంటుంది, కొన్నిటిలో లోహపు పొడి ఉంటుంది. బీటలోంచి కారుతూ వేడికి గట్టిపడి కొన్నాళ్లు ఆ సందుని మూస్తాయి. కొన్నాళ్లే. ఈలోగా రేడియేటర్లోని సన్నటి గొట్టాల్లో, హీటర్లో కూడా పేరుకుని నీళ్లు సరిగ్గా తిరగనివ్వవు. నేను ఆ డబ్బా మూత ఎన్నోసార్లు తీశాను. ఒక్కసారీ తిరగేసి చూడలేదు.

ఇంకొకటి స్కానర్‌లో కనపడింది. ఇప్పటి కార్లలో ఇంజిన్ కంప్యూటర్ తప్పులని కోడ్‌ల రూపంలో దాచుకుంటుంది, వాటిని చిన్న యంత్రంతో చెరిపేయొచ్చు. చెరిపాక బండి ఎంత దూరం తిరిగిందో కూడా చాలావాటిలో నమోదవుతుంది. నా బండిలో ఆ అంకె 640 కిలోమీటర్లు. నేను తీసుకున్నాక తిరిగింది 612. అంటే నా చేతికి రావడానికి 28 కిలోమీటర్ల ముందు ఎవరో చెరిపారు. బ్యాటరీ తీసి పెట్టినా కొన్ని బళ్లలో అలాగే సున్నా అయిపోతుందని మెకానిక్ చెప్పాడు, కాబట్టి దీన్ని ఒక్కదాన్నే పట్టుకుని ఎవరినీ దోషి అనకూడదు. కానీ ఆ మూత కింది పొడి, ఈ అంకె, పక్కపక్కనే పెట్టి చూడండి.

అప్పుడు నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. నేను బండి చూడటానికి వెళ్లినప్పుడు అది అప్పటికే స్టార్ట్ చేసి ఉంది. "మీరొస్తున్నారని ఏసీ వేసి ఉంచానండి" అన్నాడాయన. ఎంత మర్యాదో అనుకున్నాను. తెల్ల పొగైనా, సిలిండర్లో నీళ్లు దిగి తడబడటమైనా బాగా కనపడేది చల్లటి ఇంజిన్‌కి సెల్ఫ్ కొట్టినప్పుడే. అది నాకు కనపడకుండా పోయింది.

ఇక్కడ నేను వాదించదలచుకున్నది చెబుతాను. పాత బండిలో అరుగుదల మామూలే. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, సస్పెన్షన్ బుష్‌లు, బ్యాటరీ, వైపర్లు, ఇవన్నీ వాడకంలో తరిగేవి. కొన్న నెలకే క్లచ్ మార్చాల్సి వస్తే బాధపడతాను గానీ అమ్మినవాడిని అనను. ఆ వయసు బండికి క్లచ్ ఎంత మిగిలి ఉంటుందో అతనికీ నాకూ దాదాపు సమానంగానే తెలుసు, ధరలో అది కలిసే ఉంటుంది. కానీ మందు పోసి పూడ్చిన లీకు అరుగుదల కాదు. అది ఒకరికి తెలిసి, ఇంకొకరికి తెలియకుండా ఆపిన విషయం. రెండింటినీ ఒకే గాటన కట్టి "పాత బండి అన్నాక" అనేస్తే మొదటిదాని పేరు చెప్పుకుని రెండోది తప్పించుకుంటుంది.

"కొనేముందు నువ్వే చూసుకోవాల్సింది" అనేవాళ్లు చాలామందే తగిలారు. అందులో కొంత నిజం ఉంది, మెకానిక్‌ని తీసుకెళ్లకపోవడం నా తప్పే. కానీ ఎంత చూడగలను? రెండు లోహపు దిమ్మల మధ్య బిగించిన రేకు హెడ్ దింపితే తప్ప కంటికి కనపడదు. అమ్మేవాడి బండి హెడ్ దింపి చూసి కొంటానంటే ఎవరూ ఒప్పుకోరు. చూడటానికి వీలున్నదాన్ని చూడకపోతే నా తప్పు. చూడకుండా చేసినదానికి కూడా నేనే బాధ్యుణ్ణి అంటే, అది న్యాయం కాదు.

ఈ తెలిసినవాడు, తెలియనివాడు అన్న తేడా ఎంత దూరం పోతుందో 1970లోనే జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త రాశాడు. ఆయన ఉదాహరణగా తీసుకున్నది పాత కార్ల వ్యాపారాన్నే. ఆ వ్యాసాన్ని మొదట్లో మూడు పత్రికలు తిప్పి పంపాయి. 2001లో ఆయనకి, మైకేల్ స్పెన్స్‌కి, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌కి కలిపి ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన చెప్పింది తేలిక మాటల్లో ఇది. ఏ బండి మంచిదో ఏది కాదో కొనేవాడు తేల్చుకోలేడు, కాబట్టి అన్నిటికీ సగటు ధరే ఇస్తానంటాడు. బండిని కంటికి రెప్పలా చూసుకున్న మనిషికి ఆ సగటు ధర గిట్టదు, అమ్మకుండా ఉంచుకుంటాడు. మంచి బళ్లు అలా తప్పుకుంటే మిగిలినవాటి సగటు ఇంకా దిగజారుతుంది. అంటే ఒకడు లీకుకి మందు పోసి అమ్మితే నష్టపోయేది నేనొక్కణ్ణే కాదు. టైముకి ఆయిల్ మార్చి, కాగితాలన్నీ దాచుకున్న ఇంకో మనిషి బండికి కూడా సరైన ధర రాకుండా పోతుంది.

ఈ సంగతి నాకు ఇంత గట్టిగా అర్థం కావడానికి కారణం ఒక స్నేహితుడి సలహా. "ఇంకో డబ్బా మందు పోసి నెలలోపు అమ్మేయ్. నీకు జరిగిందే కదా" అన్నాడు. చెడ్డవాడు కాదు, నా డబ్బు పోకూడదని ఆరాటం. ఒక రాత్రంతా నేనూ దాని గురించి ఆలోచించాను, అబద్ధం చెప్పను. లెక్క ప్రకారం అది అన్నిటికంటే చౌక. పొద్దున్నే లేచి వద్దని చెప్పాను. నేను అమ్మేది నాలాంటివాడికే. వాడూ వెనక సీట్లో వాళ్లమ్మని కూర్చోబెట్టుకుని ఎక్కడికో బయల్దేరతాడు.

ఇక అమ్మినాయనతో మాట్లాడటం. మొదటి ఫోన్‌లో "ఇచ్చినప్పుడు బాగానే ఉంది కదండీ. పాత బండి, మామూలే" అన్నాడు. నా గొంతు లేచింది, ఆయన గొంతూ లేచింది, ఫోన్ పెట్టేశాం. ఆ కాల్ వల్ల ఏ లాభమూ లేదు. మర్నాడు కూర్చుని ఒక ఉత్తరం రాశాను. ఏ తేదీన కొన్నాను, ఎన్ని కిలోమీటర్లు తిరిగాను, ఏ రోజున నీళ్లు తగ్గడం గమనించాను, ఏ రోజున ఎన్నిసార్లు పోశాను, బండి ఎక్కడ ఆగిపోయింది, పరీక్షల్లో ఏం తేలింది. మెకానిక్ సంతకంతో ఇచ్చిన రిపోర్టు, పసుపు గొట్టం ఫోటో, మూత ఫోటో జత చేశాను. చివర్లో "ఇంకా హెడ్ దింపలేదు. మీరు గానీ మీ మెకానిక్ గానీ వచ్చి చూడొచ్చు. వారం ఆగుతాను, ఆ తర్వాత పని మొదలుపెడతాను" అని రాశాను. మోసం, దగా లాంటి మాట ఒక్కటీ రాయలేదు. మనసులో లేకపోవడం వల్ల కాదు. మందు పోసింది ఈయనో, ఈయనకి అమ్మినవాడో నాకు తెలియదు. తెలియనిది రాస్తే ఆయన దాన్ని పట్టుకుని వాదిస్తాడు, తెలిసినవన్నీ పక్కకి పోతాయి.

ఎవరైనా ఇలాంటి ఇబ్బందిలో ఉంటే ఈ వరస మాత్రం మార్చొద్దని చేతులు జోడించి చెబుతాను. బండి ఆపేయండి. విప్పకముందే పరీక్ష చేయించి కాగితం మీద రాయించుకోండి. అమ్మినవాడికి రాతపూర్వకంగా చెప్పి చూసుకునే అవకాశం ఇవ్వండి. అప్పుడు విప్పించండి, విప్పుతున్నప్పుడు ఫోటోలు తీయండి, పాడైన ముక్కల్ని పారేయనివ్వకండి. కోపంలో ముందు రిపేరు చేయించేసి తర్వాత బిల్లు పట్టుకుని వెళితే, "నాకు చూపించకుండా విప్పారు, మీ మెకానిక్కే పాడు చేశాడేమో" అంటే చెప్పడానికి మన దగ్గర ఏమీ ఉండదు. చట్టం ఎక్కడిదైనా ముందు అడిగేది తేదీలూ కాగితాలే.

ఆరో రోజున ఆయన వచ్చాడు. మూత తిరగేసి చూశాడు, వేలితో తడిమాడు. చాలాసేపు మాట్లాడలేదు. ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. అరగంట తర్వాత గాస్కెట్, బోల్టులు, మిగతా సామాన్లు, లేత్ పని ఖర్చు తాను పెట్టుకుంటానన్నాడు. మెకానిక్ కూలీ, బండి లాగించిన ఖర్చు నన్ను పెట్టుకోమన్నాడు. నేను సరేనన్నాను. బండి వెనక్కిచ్చి డబ్బంతా రాబట్టాల్సిందని నన్ను తిట్టినవాళ్లున్నారు. వాళ్ల మాట కొట్టిపారేయను. కానీ నీళ్లు తగ్గుతున్నాయని తెలిసి కూడా రెండు వారాలు తిప్పింది నేను, ముల్లు దిగిందని రెండు కిలోమీటర్లు పోనిచ్చింది నేను. ఆ వాటా ఆయన మీద వేయడం నాకు సబబుగా తోచలేదు.

ఒప్పుకునేముందు ఒక లెక్క వేసుకున్నాను, అందులో నేను బండికి పెట్టిన డబ్బుని కావాలనే చేర్చలేదు. అది ఎలాగూ పోయింది, ఏం చేసినా రాదు. బాగు చేయడానికి ఎంతవుతుంది, బాగు చేశాక ఈ బండికి ఎంత విలువ ఉంటుంది, ఉన్నదున్నట్టు లోపం చెప్పి అమ్మితే ఎంతొస్తుంది. ఈ మూడే. "ఇంత పెట్టి కొన్నాను, ఇప్పుడు వదిలేస్తానా" అన్న పంతం లెక్కలోకి దిగితే ఖర్చు మీద ఖర్చు పెడుతూనే ఉంటాం. నా లెక్కలో బాగు చేయించడమే మేలని తేలింది. రిపేరు ఖర్చు బండి విలువని దాటేసి ఉంటే లోపం రాసిచ్చి అమ్మేసేవాణ్ణి.

హెడ్ దింపిన రోజు షెడ్‌లోనే ఉన్నాను. రెండు, మూడు సిలిండర్ల మధ్య గాస్కెట్ నల్లగా కాలి, చిటికెన వేలి గోరంత మేర తెగిపోయి ఉంది. మెకానిక్ హెడ్‌ని బోర్లా పెట్టి, దాని మీద అడ్డంగా ఉక్కు బద్ద ఆనించి, కింద సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకులు ఒక్కొక్కటే దూర్చి చూశాడు. 0.05 దూరింది. 0.10 దూరింది. 0.15 మిల్లీమీటర్ల రేకు కూడా మధ్యలో సులువుగా జారిపోయింది. రెండు వెంట్రుకల మందం. అంతే వంకర. ఆ ఇంజిన్‌కి ఒప్పుకునేది అందులో సగం కూడా కాదు. "మొదటిసారి నీళ్లు తగ్గినప్పుడే వచ్చుంటే?" అని అడిగాను. ఆయన వెంటనే జవాబివ్వలేదు. "కచ్చితంగా చెప్పలేను సార్. గాస్కెట్‌తో పోయేదేమో. ఈ వంకర మాత్రం హీటెక్కినప్పుడు వచ్చిందే" అన్నాడు.

హెడ్‌ని లేత్‌కి పంపి, బీటలు లేవని ఒత్తిడి పెట్టి చూసి, ఫేసింగ్ చేయించాం, అంటే వంకర పోయేలా అడుగుని చదును చేయించాం. పాత బోల్టులు బాగానే ఉన్నాయి కదా అన్నాను. వాటిని ఓ కోణం దాకా తిప్పి సాగేలా బిగిస్తారట, ఒకసారి సాగినవి రెండోసారి అదే పట్టు ఇవ్వవట. కొత్తవి వేశాం. రేడియేటర్ కూడా మార్చాల్సి వచ్చింది, ఆ మందు సగం గొట్టాల్ని పూడ్చేసింది.

హెడ్ దింపిన రోజు రాత్రి ఇంట్లో అంతా చెప్పాను, మొదటిసారి నీళ్లు పోసిన దగ్గర్నుంచి. మా ఆవిడ మొత్తం విని, "బండి పోతే పోయింది. అత్తయ్యని ఎక్కించుకుని అలా తోలావా?" అంది. ఇంకేమీ అనలేదు. నేను రెండు వారాలు భయపడిన మాట, "నేను చెప్పాను కదా" అన్నది, ఆమె నోట ఒక్కసారీ రాలేదు.

బండి ఇప్పుడు నడుస్తోంది. రిపేరు జరిగి ఎనిమిది నెలలు. గ్లవ్ బాక్సులో ఒక ఫైలు పెట్టాను. అందులో రిపోర్టు, ఫోటోలు, లేత్ బిల్లు, నేను రాసిన ఉత్తరం నకలు, కాలిపోయిన గాస్కెట్ ముక్క ఒక కవరులో ఉన్నాయి. ఎప్పుడైనా అమ్మితే ఫైలుతో సహా ఇస్తాను. కూలెంట్ డబ్బా మీద మార్కర్‌తో గీత గీసి పక్కన తేదీ రాశాను. ప్రతి ఆదివారం పొద్దున, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే, మా అమ్మాయి టార్చి పట్టుకుంటే నేను వంగి చూస్తాను. మొన్న కూడా చూశాం. గీత మీదే ఉంది.